స్కానర్ కింద డ్యూకు: పాత ప్రేమ నవలలు చూపులేని పాఠకులకు చేరిన దారి

క్లుప్తంగా: అమెరికాలో 2002లో మొదలైన బుక్‌షేర్ అనే ఆన్‌లైన్ లైబ్రరీ అచ్చు చదవలేనివారి కోసం పనిచేస్తుంది. అందులోకి చారిత్రక ప్రేమ నవలలు చేరడానికి తొలినాళ్ళలో ముఖ్య కారణం ప్రచురణకర్తలూ కాదు, ప్రభుత్వమూ కాదు. ఇంట్లో స్కానర్ పెట్టుకుని పేజీలు తిప్పిన వాలంటీర్లు. 1996 నాటి ఒక కాపీరైట్ మినహాయింపు ఆ పనికి చట్టబద్ధత ఇచ్చింది. కొత్త పుస్తకాలు ఇప్పుడు ప్రచురణకర్తల నుంచే డిజిటల్ ఫైళ్లుగా వస్తున్నాయి కాబట్టి వాలంటీర్ల అవసరం పాత పుస్తకాల వైపు జరిగింది. తెలుగులో అదే పని చేయబోతే అడ్డంకులు వేరుగా ఉంటాయి.

ఒక నవలను పేజీ పేజీ స్కాన్ చేసి, రచయితనూ ప్రచురణకర్తనూ అడగకుండా ఇంటర్నెట్‌లో పంచిపెడితే దాన్ని దొంగ కాపీ అంటాం. బుక్‌షేర్ వాలంటీర్లు చేసింది చూడబోతే అదే పని. అయినా వారి మీద ఎవరూ కేసు వేయలేదు, వేసినా నిలబడేది కాదు. ఈ తేడా ఎక్కడుందో తెలియక చాలామంది ఈ లైబ్రరీని ఉచిత పుస్తకాల సైటుగా పొరబడతారు. ఇంకొందరు ఇలాంటి సేవ అంటే పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లే గుర్తుచేసుకుంటారు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో డ్యూకు అనే పెద్ద బిరుదున్న ప్రభువు కొడుకునో, స్కాట్లండు కొండల్లో తెగనాయకుణ్ణో ప్రేమించే నాయికల కథలు అక్కడ ఎందుకు పోగుపడ్డాయన్నది వారికి వింతగా తోస్తుంది.

అనుమతి అక్కర్లేని కాపీ

1996కు ముందు అమెరికాలో ఒక పుస్తకాన్ని బ్రెయిలీలోకి మార్చాలన్నా, చదివి రికార్డు చేయాలన్నా ఒక్కో పుస్తకానికీ హక్కుదారు అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. ఉత్తరం రాయడం, జవాబు కోసం ఎదురుచూడడం, హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయో వెతకడం, వీటికే నెలలు గడిచేవి. ఆ ఏడాది సెనేటర్ జాన్ చేఫీ పేరు మీద వచ్చిన సవరణ ఈ తంతును తీసేసింది. గుర్తింపు పొందిన లాభాపేక్ష లేని సంస్థ, అప్పటికే అచ్చయిన సాహిత్య రచనను, అంధులు తదితర వైకల్యమున్నవారికి మాత్రమే పనికొచ్చే రూపంలో కాపీ చేసి ఇస్తే అది ఉల్లంఘన కాదని చట్టం చెప్పింది. అనుమతీ అక్కర్లేదు, రాయల్టీ కూడా లేదు.

ఈ మినహాయింపు పట్టుకుని జిమ్ ఫ్రుక్టర్‌మన్ అనే సిలికాన్ వ్యాలీ ఇంజినీరు బుక్‌షేర్ కట్టారు. అంతకుముందు 1989 నుంచి ఆయన ఆర్కెన్‌స్టోన్ అనే సంస్థ ద్వారా అంధుల కోసం స్కానరు, కంప్యూటరు కలిపిన చదివే యంత్రాలు అందించేవారు. ఆ యంత్రాలు కొన్నవారు ఎవరింట్లో వారు పుస్తకాలు స్కాన్ చేసుకునేవారు. ఒకే నవలను వేర్వేరు ఊళ్ళలో వేర్వేరు మనుషులు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, గంటల తరబడి స్కాన్ చేసిన సందర్భాలు తప్పక ఉంటాయి. ఆ రోజుల్లోనే ఆయన కొడుకు ఇంట్లో నాప్‌స్టర్ చూపించాడు. పాటలు పంచుకునే ఆ పద్ధతి చట్టం ముందు నిలవలేదు. కానీ ఒకరు చేసిన కాపీ పదిమందికి పనికిరావాలన్న ఆలోచన, చేఫీ సవరణ గీసిన గీత లోపల, పూర్తిగా నిలిచింది.

గీత మాత్రం గట్టిది. సభ్యుడు కావాలంటే అచ్చు చదవలేని వైకల్యం ఉందని అర్హులైనవారి ధ్రువీకరణ కావాలి. చూపు లేకపోవడం ఒక్కటే కాదు, డిస్లెక్సియా వంటి చదివే ఇబ్బందులూ, పుస్తకం పట్టుకోలేని శారీరక వైకల్యమూ దీని కిందికి వస్తాయి. సభ్యుడు దించుకున్న ఫైలులో అతని గుర్తు పొదిగి ఉంటుంది, దాన్ని మరొకరికి పంపితే ఎవరిది బయటికి పోయిందో తెలిసిపోతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ అచ్చు పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ అరువిచ్చిన పద్ధతిని అమెరికా కోర్టులు 2023లో, అప్పీలులో 2024లో తప్పుపట్టాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాల స్కాన్ పుస్తకాలను దాచే హాథీట్రస్ట్ మీద నడిచిన కేసులో మాత్రం 2014లో అప్పీలు కోర్టు, అచ్చు చదవలేనివారికి డిజిటల్ కాపీలు అందించడం న్యాయమైన వినియోగమే అంది. యంత్రం ఒకటే, పని ఒకటే. చదివేవాళ్ళు ఎవరన్నదే తీర్పును మార్చింది.

ఎందుకు ఈ నవలలే

నెట్‌ఫ్లిక్స్‌లో 2020 డిసెంబరులో బ్రిడ్జర్టన్ వచ్చాక రీజెన్సీ అనే మాట చాలామంది చెవిన పడింది. మూడో జార్జి రాజు మతిస్థిమితం కోల్పోతే కొడుకు ఆయన పేరున పాలించిన కాలం అది, 1811 నుంచి 1820 వరకు. తొమ్మిదేళ్ళ ఆ చిన్న కాలం మీద రాసిన నవలలు ఒక పెద్ద బీరువాలో పట్టవు. ఈ తరహాకు దారి వేసిన జార్జెట్ హేయర్ మొదటి నవల 1921లోనే వచ్చింది. అమెరికాలో మలుపు 1972లో. క్యాథ్లీన్ వుడివిస్ తొలి నవలను ఏవన్ అనే ప్రచురణ సంస్థ గట్టి అట్ట ముద్రణ లేకుండా నేరుగా చవక పేపర్‌బ్యాక్‌గా వేసింది. అది విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ తర్వాత ఇరవై, ముప్ఫై ఏళ్ళు సూపర్‌బజారుల్లో, మందుల దుకాణాల్లో, బస్టాండుల్లో అవే అట్టలు, గాలికి ఎగిరే జుట్టుతో నాయిక, గుండీలు ఊడిన చొక్కాతో నాయకుడు.

చవక పేపర్‌బ్యాక్ కావడమే ఈ కథలో అసలు సంగతి. గట్టి అట్ట పుస్తకాన్ని లైబ్రరీ కొంటుంది, నమోదు చేస్తుంది, దశాబ్దాలు దాస్తుంది. చవక పేపర్‌బ్యాక్‌ను వార్తాపత్రికలా అమ్మేవారు. నెలనెలా వరస నంబర్లతో వచ్చే సిరీస్ నవలలైతే వచ్చే నెల సరుకు దిగగానే అల్మరా ఖాళీ చేయాల్సిందే. అమ్ముడుపోని ప్రతుల అట్ట చించి వెనక్కి పంపి, మిగతాది చెత్తలో వేయడం అక్కడి వ్యాపార రివాజు. చాలా లైబ్రరీలు వీటిని కేటలాగులోకి ఎక్కించకుండా ఒక మూల తిరిగే స్టాండులో పెట్టి ఊరుకున్నాయి. చూపున్నవారికి పాత పుస్తకాల షాపు ఉంది, పక్కింటావిడ సంచి ఉంది. చూపులేనివారికి ఆ రెండూ ఉన్నా లేనట్టే.

అమెరికా ప్రభుత్వం 1931 నుంచి అంధుల కోసం జాతీయ లైబ్రరీ సేవ నడుపుతోంది. మనుషులు చదివి రికార్డు చేసిన పుస్తకాలు, బ్రెయిలీ పుస్తకాలు తపాలాలో ఉచితంగా ఇంటికి వస్తాయి. నాణ్యతలో దానికి సాటి లేదు. అయితే ఒక పుస్తకం రికార్డు చేయడానికి స్టూడియో కావాలి, చదివే మనిషి కావాలి, డబ్బు కావాలి. కాబట్టి ఎంపిక తప్పదు. ఎంపిక ఉన్నచోట బెస్ట్‌సెల్లర్లు, బహుమతులొచ్చినవి, పత్రికలు సమీక్షించినవి ముందుకు వస్తాయి. ప్రేమ నవలలను ఆ సేవ పక్కన పెట్టలేదు, కొన్నిటిని రికార్డు చేసింది కూడా. కానీ ఈ నవలల పాఠకులకు ‘కొన్ని’ చాలదు. ఒక కుటుంబంలో అయిదుగురు అన్నదమ్ములుంటే అయిదు నవలలు, ఆఖరివాడి పెళ్ళి దాకా చదవాలి. నాలుగోది లేకపోతే మూడిటి సుఖమూ సగమే. వారపత్రికల సీరియల్ మధ్యలో ఒక వారం తప్పిపోయిన అనుభవం ఉన్న తెలుగు పాఠకులకు ఈ బాధ వివరించనక్కర్లేదు.

ఈ ఖాళీని పూడ్చింది ఆ పాఠకులే. బుక్‌షేర్ తొలి వాలంటీర్లలో చాలామంది అంధులే. తమకోసం స్కాన్ చేసుకున్న పుస్తకాన్నే లైబ్రరీకి పంపారు. అలా వచ్చిన పుస్తకాలకు సభ్యత్వ రుసుములో కొంత తగ్గింపు ఉండేది గానీ, ఒక్క నవలకు పట్టే సమయాన్ని చూస్తే అది కూలి లెక్కలోకి రాదు. ఎవరికి ఏ పుస్తకం కావాలో కోరికల జాబితా నడిచేది. సిరీస్‌లో తప్పిపోయిన నంబరు ఎవరి అటక మీద ఉందో వెతికి పట్టుకునేవారు. అందుకే ఈ సేకరణ రూపురేఖలు లైబ్రేరియన్ల విధానాన్ని కాదు, స్కానర్లున్న పాఠకుల రుచిని చూపించాయి. రుచి బలంగా ఉన్న చోట అల్మరా నిండింది, లేనిచోట బోసిపోయింది.

యంత్రం చదివిన తీరు

పేజీని స్కాన్ చేస్తే వచ్చేది ఫొటో. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఫొటోను చదవలేదు, దానికి అక్షరాలు కావాలి. ఫొటోలోని ఆకారాలను చూసి అక్షరాలుగా ఊహించే సాఫ్ట్‌వేరే ఓసీఆర్. రే కర్జ్‌వైల్ అనే అమెరికా ఆవిష్కర్త 1976లో తొలి చదివే యంత్రాన్ని చూపించినప్పటి నుంచి ఇది ఎంతో మెరుగైంది. అయినా చవక కాగితం ముందు తడబడుతుంది. కాగితం పసుపుపచ్చగా మారి ఉంటుంది, వెనక పేజీ సిరా ముందుకు కనిపిస్తుంది, బైండింగు బిగువుకు లోపలి అంచున అక్షరాలు వంగిపోతాయి. పుస్తకం వెన్ను కోసి విడి కాగితాలుగా స్కాన్ చేస్తే పని సులువు, పుస్తకం మాత్రం మిగలదు. అపురూపమైన ప్రతి దొరికినప్పుడు చాలామందికి చేతులు రావు.

తప్పులకు ఒక పద్ధతి ఉంది. ఇంగ్లీషు అచ్చులో ఆర్, ఎన్ పక్కపక్కన పడితే ఎమ్‌లా కనిపిస్తాయి. ‘మోడర్న్’ కాస్తా ‘మోడెమ్’ అయి, 1815 నాటి విందుభోజనంలో ఇంటర్నెట్ పరికరం ప్రత్యక్షమవుతుంది. సీ, ఎల్ కలిస్తే డీ, డీ విడిపోతే సీ, ఎల్. కాబట్టి నాయకుడు ‘మై డియర్’ అనబోయి ‘మై క్లియర్’ అంటాడు. అన్నిటికంటే పేరుపడ్డ తప్పు చేతుల గురించినది. ‘ఆర్మ్స్’ అనే మాటలో ఆర్, ఎమ్ గుర్తులను యంత్రం ఎన్, యూ గా చదివితే గుదద్వారం అనే అర్థమొచ్చే మాట తయారవుతుంది. నాయిక నాయకుడి చేతుల్లో వాలిపోయే సన్నివేశం ప్రతి పాతిక పేజీలకూ వచ్చే సాహిత్యంలో ఇది ఎంత ప్రమాదమో ఊహించవచ్చు. స్కాన్ చేసి అమ్మకానికి పెట్టిన పాత నవలల్లో ఈ తప్పు వరసగా కనిపిస్తోందని 2014లో ప్రేమ నవలల విమర్శకురాలొకరు ఎత్తిచూపితే పత్రికలు నవ్వుకుంటూ వార్తలు రాశాయి. స్పెల్‌చెక్ దీన్ని పట్టదు, ఎందుకంటే అదీ నిఘంటువులో ఉన్న మాటే.

అందుకే రెండో వాలంటీరు అవసరం. ఒకరు స్కాన్ చేసి పంపింది మరొకరు తీసుకుని ప్రూఫులు దిద్దుతారు. ఆపైన సిబ్బంది చూసి ఆమోదిస్తారు. దిద్దేవారి పని అచ్చుతప్పులతో ఆగదు. ప్రతి పేజీ నెత్తిన రచయిత పేరు, నవల పేరు అచ్చయి ఉంటాయి. అవి తీయకపోతే వాక్యం మధ్యలో గొంతు హఠాత్తుగా రచయిత పేరు పలికి మళ్ళీ ముద్దు దగ్గరికి వస్తుంది. పంక్తి చివర విరిచిన మాటలు అతకాలి. అధ్యాయం మొదట్లో అలంకారంగా వేసిన పెద్ద అక్షరాన్ని ఓసీఆర్ బొమ్మ అనుకుని వదిలేస్తుంది, అది మళ్ళీ చేర్చాలి. సన్నివేశం మారిందని చెప్పే ఖాళీ పంక్తి మాయమైతే నాట్యశాలలో ఉన్న నాయిక మరు వాక్యంలో గుర్రబ్బగ్గీలో ఉంటుంది. కంటితో చదివేవారికి ఆ ఖాళీ చెప్పకుండానే తెలుస్తుంది, వినేవారికి ఎవరో చెప్పాలి.

చారిత్రక నవలకు ఇంకో మెలిక. స్కాట్లండు యాసలో మాట్లాడే నాయకుడి మాటలన్నీ స్పెల్‌చెక్ దృష్టిలో తప్పులే. ఫ్రెంచి మాటలు, పాత బిరుదులు, ఇప్పుడు వాడుకలో లేని బట్టల పేర్లు, బండ్ల పేర్లు కూడా అంతే. ఏది యంత్రం తప్పో, ఏది రచయిత్రి ఉద్దేశమో తేల్చాలంటే ఆ తరహా నవలలు బాగా చదివిన మనిషే కావాలి. అలా ఆ తరహా నవలల అభిమానే మంచి ప్రూఫ్ రీడరు. శుద్ధయిన ఫైలును అచ్చు చదవలేనివారి కోసం రూపొందిన డైసీ అనే డిజిటల్ పద్ధతిలో, బ్రెయిలీ పరికరాలు చదివే పద్ధతిలో, తర్వాతి కాలంలో ఈబుక్కుల మామూలు రూపమైన ఈపబ్‌గా మార్చి ఉంచుతారు. కాగితం మీద బ్రెయిలీగా అచ్చువేస్తే ఒక్క నవల అనేక లావుపాటి సంపుటాలవుతుంది. పరికరంలోనైతే వందల నవలలు అరచేతిలో పడతాయి.

మనిషి గొంతు బదులు యంత్రం గొంతు వినిపించడం లోపమని సాధారణంగా అనుకుంటారు. ఈ నవలల విషయంలో అది అన్నివేళలా లోపం కాదు. శృంగార సన్నివేశాన్ని ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి భావయుక్తంగా చదువుతుంటే ఇబ్బందిపడే శ్రోతలుంటారు. భావం లేని గొంతు పక్కకు తప్పుకుంటుంది, భావం చదివేవారే పెట్టుకుంటారు. బ్రెయిలీలో చదివితే ఆ గొంతూ ఉండదు. కంటితో చదివేవారికి పుట్టుకతో ఉన్న ఏకాంతం ఇది.

ఏది చదవాలో ఎవరు చెప్పాలి

వైకల్యమున్నవారి చదువు అనగానే ఉద్ధరణ ధోరణి ముందుకొస్తుంది. విద్య, ఉద్యోగం, విజ్ఞానం. కాలక్షేపం ఆ జాబితాలో చివర్న ఉంటుంది, శృంగారం ఉండనే ఉండదు. దీనిమీద అమెరికాలో కోర్టు దాకా వెళ్ళిన గొడవ ఉంది. జాతీయ లైబ్రరీ సేవ, నగ్నచిత్రాలకు పేరుపడ్డ ప్లేబాయ్ పత్రికను బ్రెయిలీలో ఇచ్చేది, బొమ్మలు లేకుండా వ్యాసాలు మాత్రమే. 1985లో అమెరికా కాంగ్రెస్ సరిగ్గా ఆ ఖర్చుకు సమానమైన 1,03,000 డాలర్లను ఆ సేవను నడిపే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ బడ్జెట్ నుంచి కోసింది. ఆ లైబ్రరీ అధిపతి డేనియల్ బూర్‌స్టిన్ బ్రెయిలీ ముద్రణ ఆపేశారు. అంధుల సంఘాలు, ఇతరులు దావా వేశారు. ఇది భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని 1986లో ఫెడరల్ కోర్టు తేల్చింది, పత్రిక తిరిగి వచ్చింది.

వాలంటీర్ల లైబ్రరీలో ఈ ప్రశ్న వేరే రూపంలో పరిష్కారమైంది. అక్కడ బడ్జెట్ కోయడానికి పెద్దగా ఏమీ లేదు. స్కాన్ చేసేవారికి నచ్చితే పుస్తకం వస్తుంది. పెద్దలకు మాత్రమే తగినవాటికి ఆ గుర్తు పెడతారు, 18 ఏళ్ళలోపు సభ్యులకు అవి దొరకవు. ఆపై ఎవరిష్టం వారిది. అయితే దీనికి వెనక పక్క కూడా ఉంది. స్కానర్ కొనగలిగినవారు, ఇంగ్లీషు చదివేవారు, కంప్యూటరు అలవాటైనవారు ఏ పుస్తకాలు ఇష్టపడితే అవే నిండుతాయి. లైబ్రేరియన్ల పక్షపాతం పోయి వాలంటీర్ల పక్షపాతం వస్తుంది. అది మొదటిదానికంటే మేలేమో గానీ పక్షపాతం కాకపోదు.

ప్రచురణకర్తల ఫైళ్లు వచ్చాక

2007లో అమెరికా విద్యాశాఖ అయిదేళ్ళకు 3 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందం ఇవ్వడంతో అక్కడి అర్హులైన విద్యార్థులకు బుక్‌షేర్ ఉచితమైంది. అదే కాలంలో ప్రచురణకర్తలు తమ డిజిటల్ ఫైళ్లను నేరుగా ఇవ్వడం మొదలుపెట్టారు. నేటి సేకరణ పది లక్షల శీర్షికలు దాటింది. అందులో అధికభాగం అలా వచ్చినవే. ఒక మనిషి రోజుల తరబడి దిద్దే నవలను ఫైలు బదిలీ క్షణాల్లో తెచ్చిపెడుతుంది, ఓసీఆర్ తప్పులూ ఉండవు. కొత్తగా వచ్చే ప్రేమ నవలలకు వాలంటీరు అవసరం దాదాపు తీరిపోయింది.

మార్కెట్టు కూడా కదిలింది, తిన్నగా కాకపోయినా. 2009లో అమెజాన్ వారి ఈబుక్ పరికరం కిండిల్ రెండో రకం పుస్తకాన్ని పైకి చదివి వినిపించే సదుపాయంతో వస్తే అమెరికా రచయితల సంఘం అది ఆడియో హక్కులకు నష్టమంది. ఏ పుస్తకానికి ఆ సదుపాయం ఆపాలో ప్రచురణకర్తలు చెప్పుకోవచ్చని అమెజాన్ తగ్గింది. పుస్తకం కొన్నా వినలేని పరిస్థితి అంధులకు ఎదురైంది. ఇప్పుడు ఫోన్లలోనే స్క్రీన్ రీడర్లున్నాయి. 2025 జూన్ 28 నుంచి యూరపులో అమలైన చట్టం కొత్తగా అమ్మే ఈబుక్కులు అందరికీ చదవడానికి వీలుగా ఉండాలంటోంది.

మిగిలింది మధ్యకాలం. 1970 నుంచి 2000 దాకా వచ్చిన చవక పేపర్‌బ్యాకులకు చాలావాటికి డిజిటల్ ఫైలు ఎప్పుడూ లేదు, లేదా ముద్రణాలయంతోపాటే పోయింది. కాపీరైట్ ఇంకా దశాబ్దాలు ఉంటుంది, కాబట్టి అందరికోసం పెట్టే స్వేచ్ఛా గ్రంథాలయాలు వాటిని ముట్టుకోలేవు. కొందరు రచయిత్రులు హక్కులు వెనక్కి తీసుకుని ఈబుక్కులుగా మళ్ళీ వేసుకున్నారు. ఆ ఓపిక లేనివారి, బతికిలేనివారి నవలలు వాలంటీరు స్కానరు దాటితే ఇంకెక్కడా దొరకవు.

సరిహద్దు ఇవతల

చేఫీ సవరణ అమెరికా గడప దాటదు. అందుకే చాలాకాలం భారతదేశపు సభ్యులకు బుక్‌షేర్‌లో కనిపించే జాబితా అమెరికా సభ్యుల జాబితా కంటే చిన్నది. ప్రచురణకర్త ప్రపంచవ్యాప్త అనుమతి ఇచ్చినవే ఇక్కడికి వచ్చేవి. వాలంటీర్లు స్కాన్ చేసిన పాత ప్రేమ నవలలకు అలాంటి అనుమతి ఎవరు అడుగుతారు, ఎవరు ఇస్తారు? 2013లో మొరాకోలోని మరాకేష్‌లో కుదిరిన ఒప్పందం ఈ గోడకే తలుపు పెట్టింది. ఒక దేశంలో చట్టబద్ధంగా తయారైన కాపీని ఒప్పందంలో చేరిన ఇంకో దేశంలోని అంధులకు పంపవచ్చు. 2014లో దీన్ని అందరికంటే ముందు ధ్రువీకరించిన దేశం భారత్. 2016 సెప్టెంబరు 30న అది అమల్లోకి వచ్చింది. అమెరికా మాత్రం 2019లో గానీ చేరలేదు.

భారతదేశ చట్టం అప్పటికే సిద్ధంగా ఉంది. 2012 సవరణ వైకల్యమున్నవారికి అనువైన రూపంలో కాపీ చేయడాన్ని మినహాయించింది. 2016లో డైసీ ఫోరమ్ ఆఫ్ ఇండియా భాగస్వామ్యంతో కేంద్రం ప్రారంభించిన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో పలు భారతీయ భాషల పుస్తకాలున్నాయి. చట్టం దగ్గర తెలుగుకు చిక్కు లేదు. చిక్కు అక్షరాల దగ్గర ఉంది.

ఇంగ్లీషులో ప్రచురణకర్త ఫైలు ఇస్తే పని అయిపోయినట్టే. తెలుగులో అలా కాదు. కంప్యూటరు మీద పేజీలు కూర్చే డీటీపీ వచ్చినప్పటి నుంచి తెలుగు పుస్తకాలు ఎక్కువగా అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లలో కూర్చినవే. కంటికి తెలుగులా కనిపించే ఆ ఫైలు లోపల ఉండేది వేరే గుర్తులు. స్క్రీన్ రీడర్‌కు ఇస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు పలుకుతుంది. ముందు అన్ని పరికరాలూ ఒకేలా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక దిద్దాలి. ఇక డీటీపీకి ముందు నాటి పుస్తకాలకు స్కానింగే గతి. అక్కడ మ, వు ఒకదానికొకటి వేషం వేస్తాయి. ప, ఫ మధ్య తేడా కింద చిన్న గీత, నాసిరకం అచ్చులో అది ఉందో లేదో మనిషికే అనుమానం. ద, ధ అంతే. ఒత్తులు పై పంక్తిలోంచి కింది పంక్తి గుడుల మీదికి దిగుతాయి.

ఈ పని తెలుగులో జరగడం లేదని కాదు. వాలంటీర్లు నడిపే స్వేచ్ఛా ఆన్‌లైన్ గ్రంథాలయం తెలుగు వికీసోర్స్‌లో ఒకరు దిద్దిన పేజీ పసుపు రంగులోకి, ఇంకొకరు సరిచూశాక ఆకుపచ్చలోకి మారుతుంది. బుక్‌షేర్ పద్ధతిలోని రెండో మనిషే ఇక్కడ రంగుగా కనిపిస్తాడు. కానీ అది కాపీరైట్ తీరినవాటికీ, హక్కుదారులే స్వేచ్ఛగా వదిలినవాటికీ మాత్రమే. కాపీరైట్ తీరాలంటే మన చట్టంలో రచయిత మరణించాక 60 ఏళ్ళు గడవాలి. అడవి బాపిరాజు 1952లో పోయారు కాబట్టి శాతవాహనుల, కాకతీయుల కాలాల మీద ఆయన రాసిన ప్రణయ గాథలు 2013 నుంచి అందరివీ అయ్యాయి. ఆ తర్వాతి తరం చారిత్రక నవలలు, వారపత్రికల్లో సీరియళ్ళుగా వచ్చి అద్దె లైబ్రరీల్లో అట్టలు ఊడేదాకా తిరిగిన నవలలు, ఇంకా హక్కుల కిందే ఉన్నాయి. వాటిని అందరికోసం పెట్టడానికి వీల్లేదు. అంధ పాఠకుల కోసం స్కాన్ చేయడానికి మాత్రం 2012 నుంచీ ఏ అనుమతీ అక్కర్లేదు. అద్దె లైబ్రరీలు మూతపడ్డాక ఆ ప్రతులు చాలావరకు తూకానికి పోయాయి. మిగిలినవి ఇళ్ళలో అటకల మీద, ఇంట్లోనే కుట్టుకున్న సీరియల్ బైండ్ల రూపంలో ఉన్నాయి.